బక్కగుర్రానికి ఒళ్ళు రావాలంటే

గుర్రం చిక్కిందని కంటికి తెలుస్తుంది. ఎంత చిక్కిందో చేతికే తెలుస్తుంది. చలికాలపు బొచ్చు పక్కటెముకలను కప్పేస్తుంది, గడ్డితో ఉబ్బిన పొట్ట మోసం చేస్తుంది. అందుకే మెడ, మూపు, భుజం వెనుక, పక్కటెముకలు, నడుము, తోక మొదలు తడిమి చూసి 1 నుంచి 9 వరకు అంకె వేసే పద్ధతిని అమెరికాలో డాన్ హెన్నెకె బృందం 1983లో ప్రచురించింది. 1 అంటే ఎముకల గూడు. 5 అంటే పక్కటెముకలు కనిపించవు, వేళ్ళకు మాత్రం తగులుతాయి. కాటా లేనిచోట టేపు పనికొస్తుంది. ఛాతీ చుట్టుకొలత వర్గాన్ని ఒంటి పొడవుతో గుణించి, ఆ సెంటీమీటర్ల లెక్కను 11,880తో భాగిస్తే సుమారుగా కిలోలు వస్తాయి.

మేత పెంచేముందు, తిన్నది ఎటు పోతోందో చూడాలి. గుడ్డిగుర్రానికి పళ్ళు తోమడం పనిలేని పనికి సామెత అయింది గానీ, బక్కగుర్రం నోరు తెరిపించి పళ్ళు చూడటం మొదటి పని. దవడపళ్ళ అంచులు పదునెక్కితే బుగ్గలు కోసుకుపోతాయి, సగం నమిలిన గడ్డి ముద్దలు కింద పడతాయి. ఆకురాయితో అరగదీస్తే చాలాసార్లు సగం సమస్య తీరుతుంది. తర్వాత పేడ పరీక్ష. పురుగుల మందు దాన్నిబట్టే. జోరీగలు మోసుకొచ్చే సర్రా జ్వరం ఉంటే రక్తం తగ్గిపోతుంది, ఎంత మేత వేసినా ఒంటికి పట్టదు.

అసలు ప్రమాదం ఆకలితో ఎముకలగూడైన గుర్రం దగ్గర ఉంది. దాన్ని చూసి జాలిపడిన మనిషి చేతికి మొదట తట్టేది ఉలవ గుగ్గిళ్ళ బకెట్టే. ఆ జాలే దాన్ని చంపవచ్చు. పస్తులున్న ఒళ్ళు తన కొవ్వునూ కండనూ కరిగించుకుని బతుకుతుంటుంది. ఒక్కసారిగా పిండిపదార్థం పడితే ఇన్సులిన్ ఎగసి, రక్తంలో మిగిలిన కాస్త ఫాస్ఫరస్, మెగ్నీషియం, పొటాషియంలను కణాల్లోకి లాగేస్తుంది. మేత మొదలైన కొద్ది రోజులకే, కోలుకుంటోంది అనుకుంటుండగా, గుండె ఆగిపోవచ్చు.

డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పస్తులున్న గుర్రాలపై చేసిన పరిశోధనలో లూసర్న్ ఎండుగడ్డి మేలని తేలింది. అందులో పిండి తక్కువ, మాంసకృత్తులు, ఖనిజాలు ఎక్కువ. వాళ్ళ క్రమం ప్రకారం మొదటి మూడు రోజులూ నాలుగు గంటలకోసారి దాదాపు 450 గ్రాములు, అంతే. నాలుగో రోజు నుంచి మెల్లగా పెంచుతూ ఆరో రోజుకల్లా రోజు మొత్తానికి ఆరు కిలోల దాకా తెస్తారు. పది రోజులు దాటాకే తిన్నంత. గుర్రం సకిలించినా, తొట్టి నాకినా చేయి బిగబట్టుకోవాలి. ఇదంతా పశువైద్యుడి కనుసన్నల్లో జరగాలి. నీళ్ళు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

కాస్త సన్నబడ్డ గుర్రానికి ఇంత నిష్ఠ అక్కర్లేదు. దానికైనా పునాది గడ్డే. రోజుకు ఒంటి బరువులో రెండు శాతం, అంటే 400 కిలోల గుర్రానికి ఎనిమిది కిలోల మంచి ఎండుగడ్డి. వరిగడ్డితో పొట్ట నిండుతుంది గానీ ఒళ్ళు రాదు. గుర్రం జీర్ణాశయం చిన్నది, పైగా అది వాంతి చేసుకోలేదు. కాబట్టి దాణా పూటకు రెండు కిలోలు మించకూడదు. మించితే జీర్ణం కాని పిండి పెద్దపేగులో పులిసి శూలనొప్పి, గిట్టల వాపు తెస్తుంది. దాణా పెంచే బదులు నూనె కలపడం క్షేమం. 50 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పావు లీటరుకు తేవచ్చు. తవుడు మితంగానే ఉండాలి. దానిలో ఫాస్ఫరస్ మరీ ఎక్కువ, కాల్షియం తక్కువ. నెలల తరబడి అదే పెడితే ఎముకల్లోని కాల్షియం తరిగి ముఖం ఎముకలు ఉబ్బుతాయి.

మందలో బలమైనవి తొట్టి దగ్గరకు రానివ్వవు కాబట్టి బక్కదాన్ని విడిగా కట్టి మేపాలి. రెండు వారాలకోసారి అదే టేపుతో, అదే వేళకు కొలవాలి. ఒళ్ళు వస్తున్నకొద్దీ నెమ్మదిగా నడిపించాలి. లేకపోతే వచ్చేది కొవ్వే, కండ కాదు. జీను వేయడం మాత్రం వెన్ను రెండువైపులా కండ నిండాకే.