ఒక్క బండి, కిరాయి లెక్క

ఒక్క బండితో సరుకు రవాణా మొదలుపెట్టేవాడు ముందు తేల్చుకోవాల్సింది ఊళ్లో ఏ సరుకు కదులుతుందన్నది. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌నే తీసుకుంటే, అది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పెంచిన ఊరు. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకి ప్రధాన కేంద్రం. కోర్బా గనుల బొగ్గు గూడ్సు రైళ్లదీ, పెద్ద లారీలదీ. చిన్న బండికి మిగిలేది స్టేషన్‌లో దిగిన పార్సిల్, వ్యాపార్ విహార్ టోకు సరుకు, సిర్‌గిట్టీ, తిఫ్రా కార్ఖానాల సామగ్రి, బదిలీ అయిన ఉద్యోగుల ఇంటి సామాను.

ఈ పనులకు 2005లో వచ్చిన టాటా ఏస్ తరహా బండి సరిపోతుంది. సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. ఫిట్‌నెస్, బీమా, పన్ను మాత్రం తప్పవు. తేలికపాటి వాహనాల లైసెన్సున్న డ్రైవరు ఇలాంటి బండి నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కన్‌సైన్‌మెంట్ నోట్ (సరుకు తీసుకున్నట్టు రాసిచ్చే రవాణా రసీదు) రాయకుండా సొంత బండిని కిరాయికి తిప్పేవారికి ఆ కిరాయిపై జీఎస్టీ లేదు. రాష్ట్రం దాటే సరుకు విలువ 50,000 రూపాయలు మించితే ఈ-వే బిల్లు చేతిలో ఉండాలి. ఇంటి సామానుతో పాటు ఇంటిల్లిపాదినీ వెనక ఎక్కించుకోవడం అలవాటైన పనే గాని ప్రమాదకరం. సరుకు యజమానికి, లేదా అతని తరఫు మనిషికి తప్ప మిగతావారికి బీమా అండ దొరకదు.

అసలు కష్టం కిరాయి నిర్ణయించడంలో ఉంది. స్టాండులో పక్కవాడు అడిగే రేటే తనదీ అనుకుంటే నష్టం ఆలస్యంగా తెలుస్తుంది. పక్కవాడి బండికి వాయిదాలు తీరిపోయి ఉండవచ్చు, అతడే డ్రైవరు కావచ్చు. ఎవరి ఖర్చు వారిది, రేటూ అక్కడి నుంచే పుట్టాలి.

ఒక లెక్క ఊహించుకుందాం. వాయిదా, డ్రైవరు జీతం, బీమా, పన్ను కలిసి నెలకు 30,000 రూపాయలు. దీన్ని ముప్పై రోజులకు పంచడం పొరపాటు. నిజంగా కిరాయి దొరికేది ఇరవై రోజులే అయితే రోజుకు 1,500 పడుతుంది. డీజిల్, టైర్లు, ఆయిల్, మరమ్మతు కలిపి కిలోమీటరుకు 8 రూపాయలు అనుకుంటే, సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని కోర్బాకు పోయి రావడానికి 1,440. మొత్తం 2,940. యజమాని మిగులు ఇంకా చేరలేదు. ఒకవైపు దూరానికి కిలోమీటరుకు 20 చొప్పున అడిగినవాడి చేతికి 1,800 వస్తుంది. అతడికి తిరుగు దారి ఖాళీగా రావడం గుర్తులేదు.

తిరుగు సరుకు దొరికితే మంచిదే, కానీ ఖాయం కాకముందే దాన్ని లెక్కలో వేసుకుని పోయేటప్పటి కిరాయి తగ్గించకూడదు. దొరికాక మాత్రం బేరం వేరు. బండి ఎలాగూ రావాలి కనుక ఎత్తుడు దింపుడు ఖర్చు, అదనపు డీజిల్ పోను మిగిలిందంతా లాభమే.

రైల్వే ఊళ్లో ఎదురుచూపుకూ వెల కట్టాలి. రైలు ఆలస్యమైనా, పార్సిల్ ఆఫీసులో వరుస పెద్దదైనా ఒక పూట పోతుంది, ఆ పూటకు మరో కిరాయి పోతుంది. మొదటి గంట ఉచితం, ఆపై గంటకు ఇంత అని ఒప్పుకునేటప్పుడే చెప్పాలి. పని అయ్యాక చెబితే గొడవే. హమాలీ, మేడ మెట్లు ఎక్కించే కూలి, టోలు ఎవరు భరించాలన్నదీ అప్పుడే తేలాలి. బ్రోకరు తెచ్చిన కిరాయిలో అతని కమీషన్ తీసేశాకే పై లెక్కతో పోల్చుకోవాలి. నెలవారీ దుకాణాలకు కాస్త తగ్గించడం న్యాయం, ఎందుకంటే అవి ఖాళీ రోజుల్ని తగ్గిస్తాయి. వారితో రేటు రాసుకునేటప్పుడు డీజిల్ ధర ఎంత పెరిగితే కిరాయి ఎంత పెరుగుతుందో కూడా ఆ కాగితం మీదే రాసుకోవాలి.