పావు మిల్లీలీటరు పనితనం

హైదరాబాద్ పాతబస్తీలో నల్లీ పేరు చెబితే నోరూరుతుంది. తెల్లవారుజామున నహారీ గిన్నెలోంచి ఎముక తీసి, పళ్ళేనికి తట్టి, మూలుగ రాల్చుకు తినే ఊరది. నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్ వైపొస్తే ఉస్మానియా ఆస్పత్రి. ఇలాంటి పెద్దాస్పత్రుల్లో పరీక్షకు కావలసిందీ మూలుగే, కాకపోతే మనిషిది, పావు మిల్లీలీటరు. ఆశపడి ఎక్కువ లాగితే నెత్తురు కలిసి పలచబడుతుంది, పని చెడుతుంది. ఆ కొంచెంతో సరిపెట్టుకునే నేర్పు నాకు ముచ్చటేస్తుంది.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో రక్తం దెబ్బతినడం మామూలే. రక్తహీనత అన్నిటికన్నా ఎక్కువ. తెల్లకణాలూ తగ్గుతాయి. ప్లేట్‌లెట్లయితే కొందరిలో వేరే జబ్బు జాడ కనబడకముందే పడిపోతాయి. కారణం వైరస్ కావచ్చు, క్షయ కావచ్చు, తిండిలేమి కావచ్చు, మందే కావచ్చు. ఏదో తేల్చడానికే మూలుగ తీసి చూస్తారు. హెచ్‌ఐవీకి వచ్చిన తొలి మందు జిడోవుడిన్ (అమెరికాలో అనుమతి 1987లో). దాన్ని చౌకగా తయారుచేసే దారి మన తార్నాకలో, ఐఐసీటీ పరిశోధన సంస్థలో, ఎ.వి. రామారావు ఆధ్వర్యంలో దొరికింది. సిప్లా ఆ మందును 1990ల మొదట్లో బజారుకు తెచ్చింది. ప్రాణం నిలిపిన ఆ మందే కొందరి మూలుగలో ఎర్రకణాల పుట్టుకను అణిచేసేది. మందు పడ్డవాళ్ళ ఎర్రకణాలు ఉబ్బి పెద్దవవుతాయి. రోగి మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నాడో లేదో ఆ ఉబ్బును బట్టి పసిగట్టే డాక్టర్లుండేవారు. ఇప్పుడు టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ ముందు వరసకొచ్చాక ఆ బెడద తగ్గింది.

సూది దించేది నడుము కింద, తుంటి ఎముక వెనక గుబ్బ మీద. 1888, 1889లలో క్లోరోఫారం మత్తు ఎంత భద్రమో తేల్చడానికి కమిషన్లు కూర్చున్న ఊరు మనది. ఈ పనికి మాత్రం లిగ్నోకైన్ మత్తు చాలు, చర్మానికీ ఎముక పైపొరకూ. లోపలి నుంచి లాగేటప్పుడు కాలు జిల్లుమనే నొప్పికి ఆ మత్తు అందదు. అందుకే మంచి డాక్టరు లాగేముందు రోగితో ఒక మాట చెప్పి మరీ లాగుతాడు. వాడిన సూదికి తిరిగి మూత పెట్టడు. తొందరలో ఎవరికైనా చెయ్యి జారేది అక్కడే.

సిరంజిలోది గడ్డకట్టేలోగా గాజుపలక మీదికి రావాలి. నెత్తుటి మధ్య నూనె మెరుపుతో రవ్వల్లాంటి పలుకులు కనబడితే మూలుగ వచ్చినట్టు. ఎక్కువైన నెత్తుటిని ఒక పక్కకు ఒంచి, పలుకుల్ని మాత్రం ఇంకో పలక అంచుతో ఈడ్చాలి. చెయ్యి బరువైతే కణాలు చితుకుతాయి, తేలికైతే గుట్టలు పడతాయి. లాడ్‌బజార్‌లో లక్క గాజు మీద అద్దపు బిళ్ళ అద్దే చేతికి తెలిసే బరువు లాంటిదే ఇదీ. తర్వాత లీష్మన్ రంగు. రంగు కన్నా దాంట్లో కలిపే నీళ్ళు గడుసువి. పీహెచ్ 6.8 దగ్గర ఉంటే ఎర్రకణం గులాబీగా, కేంద్రకం ఊదాగా తేలుతుంది. బోరునీళ్ళతో కానిచ్చేస్తే పలకంతా నీలంగా మొద్దుబారుతుంది.

హెచ్‌ఐవీ మూలుగ చాలాసార్లు సూదికి లొంగదు. లోపల సన్నని పీచు అల్లుకుపోయి సిరంజి ఉత్తిదే వస్తుంది. అప్పుడు జంషీదీ సూదితో ఎముక ముక్కనే తీస్తారు, వీలైతే రెండు సెంటీమీటర్లు. ఇరానీ చాయ్ ఊళ్ళో ఇరానీ పేరున్న సూది, ఎవరికీ వింతగా తోచదు. ముక్కను ఫార్మలిన్‌లో వేసేముందు పలక మీద మెల్లగా అద్ది ఒక అచ్చు తీసుకునేవాళ్ళుంటారు. సిరంజి మొండికేసిన రోజున కణాల రూపు చూపించేది ఆ అచ్చే.

అసలు నేర్పు చదవడంలో ఉంది. ఎముక నిండా కణాలు కిక్కిరిసి ఉంటాయి, బయట రక్తంలో చూస్తే కరువు. ప్లేట్‌లెట్లను తుంచి వదిలే పెద్దకణాలు కొన్ని ఒంటిమీద బట్టల్లేనట్టు ఉత్త కేంద్రకాలుగా మిగులుతాయి. ఎర్రకణాల పిల్లలు వంకరటింకరగా ఎదుగుతాయి. ప్లాస్మా కణాలు చిన్న రక్తనాళాల వెంట బారులు తీరతాయి. జబ్బు ముదిరి మనిషి చిక్కిపోతే కొవ్వు కరిగి ఆ చోట జిగురు పరుచుకుంటుంది. హెచ్‌ఐవీ సంగతి తెలియనివాడు ఈ పలక చూస్తే మైలోడిస్‌ప్లాసియా అని రాసేస్తాడు, ప్లాస్మా కణాల గుంపు చూస్తే మైలోమా క్యాన్సర్ అంటాడు. తెలిసినవాడు కలం ఆపుతాడు. ఎర్రకణాల తొలిదశ కణం ఒక్కటే రాక్షసిలా పెరిగి మిగతావి మాయమైతే పార్వోవైరస్ కోసం చూస్తాడు. మింగుడు కణాల్లో చిన్న చుక్క, పక్కనే గీత కనబడితే కాలా అజార్. 1903లో లండన్‌లో లీష్మన్, మద్రాసులో డోనవన్ ఎవరికి వారు ప్రకటించిన జీవి అదే. లీష్మన్ పేరు రంగులోనూ ఉంది, రంగు పట్టిన పురుగులోనూ ఉంది.

క్షయ దగ్గర ఇంకాస్త ఓపిక కావాలి. రోగనిరోధక శక్తి ఉన్న ఒంట్లో క్షయ చుట్టూ కణాలు గుండ్రంగా గుమిగూడతాయి, కంటికి ఇట్టే తగులుతాయి. సీడీ4 కణాలు అడుగంటినవాళ్ళలో ఆ గుమిగూడే బలమే ఉండదు. గుంపు కనబడలేదు కదా అని పలకను పక్కన పెట్టకుండా, జీల్-నీల్సన్ రంగు వేసి, నూనె చుక్క కింద వరసవరసగా వెతుకుతూ పోతారు. ఒక పూటంతా కూర్చున్నాక ఆ నీలి నేల మీద ఒక్క ఎర్ర గీత దొరికితే, రిపోర్టు టైపయ్యేదాకా ఆగరు, వార్డుకు ఫోను కొడతారు.