గుప్పెడు మట్టితో మొదలయ్యే పాఠం

మన జూనియర్ కాలేజీల ప్రాక్టికల్స్‌లో ఉల్లి వేరు కొనను స్లైడు మీద పెట్టి కణ విభజన చూపిస్తారు. ఏం కనబడాలో రికార్డులో బొమ్మ ముందే ఉంటుంది, కనబడకపోయినా ఆ బొమ్మ మారదు. అలా చేస్తే చేయి తిరుగుతుంది గానీ, విద్యార్థికి సందేహపడే అవసరం మాత్రం రాదు. ఆ అవసరం కల్పించే చదువు హైస్కూలు వయసులోనే సాధ్యమని అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో గ్రాహం హాట్‌ఫుల్ బృందం ఇరవై ఏళ్ల కిందటే చూపింది. వాళ్లు ఎంచుకున్నది బాక్టీరియోఫేజ్, క్లుప్తంగా ఫేజ్. పేరులోనే ఉన్నట్టు అది బాక్టీరియాను తినేది, మనిషి జోలికి రాని వైరస్. సూక్ష్మజీవశాస్త్రాన్నీ బయోఇన్ఫర్మాటిక్స్‌నూ ఒకే దారంతో కట్టి నేర్పడానికి ఇంతకన్నా తగిన వస్తువు నాకు కనబడలేదు. ఎందుకో ఆ పనిని దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

విద్యార్థి ఎక్కడినుంచైనా గుప్పెడు తడి మట్టి తెస్తాడు. దాన్ని ద్రవంలో కలిపి, బాక్టీరియా దూరలేనంత సన్నని 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడగడతాడు. ఆ వడగట్టిన ద్రవాన్ని మైకోబాక్టీరియం స్మెగ్మాటిస్ అనే బాక్టీరియాతో కలిపి, గోరువెచ్చటి పల్చని అగార్‌లో వేసి పెట్రీ ప్లేటు మీద పోస్తాడు. ఒకటి రెండు రోజుల్లో బాక్టీరియా ప్లేటంతా మీగడలా పరుచుకుంటుంది. ఫేజ్ పనిచేసిన చోట మాత్రం ఆ మీగడకు చిల్లు పడినట్టు గుండ్రటి మచ్చ తేలుతుంది. దాన్నే ప్లేక్ అంటారు. మచ్చ తేటగా ఉందా, మసకగా ఉందా అన్నదీ చూడాలి. మసకగా ఉంటే కొన్ని బాక్టీరియా చావకుండా ఫేజ్‌ను తమలో దాచుకుని బతికాయేమోనని అనుమానించాలి. తర్వాత ఒక్క మచ్చను తీసుకుని, పదో వంతు చొప్పున పల్చన చేస్తూ మళ్లీ మళ్లీ ప్లేట్లు పోయాలి, ఒకే రకం ఫేజ్ మిగిలిందని నమ్మకం కుదిరేదాకా. పది లక్షల వంతుకు పల్చన చేసిన ఒక మిల్లీలీటరులో 40 మచ్చలు వస్తే, అసలు ద్రావణంలో మిల్లీలీటరుకు 4 కోట్ల ఫేజ్‌లున్నట్టు. ఘాతాంకాల లెక్క ఇక్కడ పిల్లల చేతికి అందుతుంది. ప్లేటు ఖాళీగా వస్తే మళ్లీ మట్టి దగ్గరికే వెళ్లాలి.

ఇక్కడికి సగం పని అయినట్టు. డీఎన్‌ఏ తీసి సీక్వెన్స్ చేయించాక తెర మీద వేల అక్షరాల వరుస నిలుస్తుంది. జన్యువులు ఎక్కడ ఉండొచ్చో సాఫ్ట్‌వేర్ సూచిస్తుంది, తేల్చుకోవలసింది విద్యార్థే. జన్యువు ఏటీజీ అనే మూడక్షరాల దగ్గర మొదలైందా, కాస్త ముందున్న జీటీజీ దగ్గరా? ముందుది అంటే పక్క జన్యువు మీదికి ఎంత ఎక్కుతుంది? వెనకది అంటే మధ్యలో ఇంత ఖాళీ ఎందుకు మిగిలింది? పోలికలు వెతికే బ్లాస్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో పోలిన ప్రొటీన్లు ఎక్కడ మొదలవుతున్నాయి? ఇద్దరు విద్యార్థులు రెండు జవాబులు చెబితే, ఎవరి ఆధారం బలమైనదో వాదించుకుని తేల్చాలి. టీచరు దగ్గర కూడా జవాబు ఉండదు. ఇది మాటవరసకు అన్నది కాదు. హాట్‌ఫుల్ బృందం 2006లో 30 ఫేజ్‌ల జన్యుక్రమాలను పోల్చి 3,357 జన్యువులను 1,536 కుటుంబాలుగా విడదీస్తే, అప్పటికే తెలిసిన ప్రొటీన్లతో పోలిక దొరికినవి 230 కుటుంబాలే. ఆ ఫేజ్‌లలో కొన్నిటిని పట్టింది విద్యార్థులే. ఇంత అజ్ఞాతం మట్టిలోనే ఉన్నప్పుడు పదిహేనేళ్ల పిల్ల చేసిన పని కూడా శాస్త్రానికి కొత్త చేర్పు అవుతుంది.

పిల్లల సరదాకు ఇంత ఖర్చా అని అడిగేవాళ్లకు మడ్డీ అనే ఫేజ్ జవాబు చెబుతుంది. 2010లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఒక విద్యార్థిని దాన్ని కుళ్లిన వంకాయ మీద కనుక్కుంది. మందులకు లొంగని మైకోబాక్టీరియం అబ్సెసస్ అనే బాక్టీరియా సోకిన పదిహేనేళ్ల అమ్మాయికి లండన్‌లో ఇచ్చిన మూడు ఫేజ్‌ల మిశ్రమంలో అదీ ఒకటి. ఆ అమ్మాయి కోలుకోవడం మొదలైందని 2019లో ప్రచురించారు. ఒక్క రోగి అనుభవంతో వైద్యం రుజువు కాదు, నిజమే. కానీ వంకాయను పట్టుకున్న రోజున ఆ ఉపయోగాన్ని ఎవరూ ఊహించలేదు. ఇక మన దగ్గర ఇలాంటివి కుదరవనేవాళ్లు ఒక మాట గుర్తుంచుకోవాలి. క్షయ బాక్టీరియా జన్యువులను మార్చే పనిముట్టుగా పరిశోధకులు వాడుకుంటున్న జన్యువులు చే9సీ అనే ఫేజ్‌వి. అది దొరికింది చెన్నైలో.

అభ్యంతరాల్లో బరువైనవి రెండు. ఒకటి భద్రత. స్మెగ్మాటిస్ సాధారణంగా ఆరోగ్యవంతులకు జబ్బు చేయదు. అయినా మట్టిలో ఇంకేముందో తెలియదు కాబట్టి శిక్షణ పొందిన పెద్దలు పక్కన ఉండాలి, వాడిన ప్లేట్లను 121 డిగ్రీల ఆవిరిలో శుద్ధి చేశాకే పారేయాలి. ఇందులో రాజీ కూడదు. రెండోది పరీక్ష. ఎంట్రన్సులో ప్లేక్‌కు మార్కులు రావు. ఇలాంటి కోర్సు చేసినవాళ్లు సైన్సులో నిలదొక్కుకుంటారని చెప్పే అధ్యయనాలు కూడా ఎక్కువగా డిగ్రీ మొదటి ఏడాది వాళ్లమీద జరిగినవే. వాటిని హైస్కూలుకు యథాతథంగా అంటించకూడదు. అయితే డీఎన్‌ఏ, కోడాన్లు, వైరస్ జీవితచక్రం అన్నీ సిలబస్‌లో ఉన్నవే. ఈ పనిలో అవి బట్టీ పట్టే అంశాలుగా కాక నిర్ణయానికి ఆధారాలుగా ఎదురవుతాయి. అలా తేల్చుకున్న సంగతిని పిల్లలు పరీక్ష గదిలో అంత తేలిగ్గా మరిచిపోరని నా నమ్మకం.

ఖర్చుకు దారి ఉంది. మైక్రోబయాలజీ విభాగం ఉన్న డిగ్రీ కాలేజీలు మన జిల్లాల్లో ఉన్నాయి. వాటి ఇన్‌క్యుబేటర్, ఆటోక్లేవ్ వేసవి సెలవుల్లో ఖాళీగా ఉంటే పక్క స్కూలు పిల్లలు పదిమందికి సరిపోతాయి. జన్యువుల పనికి కంప్యూటరు, నెట్టు చాలు. ఇప్పటికే పోగైన ఫేజ్ జన్యుక్రమాలను ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. డిగ్రీ కాలేజీ అధ్యాపకులారా, వచ్చే వేసవిలో ఒక్క నెల మీ ల్యాబు తలుపు ఆ పిల్లల కోసం తెరవండి.