మద్దెల నిజంగానే ఓడైతే?

‘ఆడలేక మద్దెల ఓడు’ అన్న సామెతను మనం ఎప్పుడూ ఆడేవాళ్లను తప్పుపట్టడానికే వాడతాం. పియానో నేర్చుకునే పిల్లల విషయంలోనూ అంతే. వేళ్లు తడబడితే సాధన చాలలేదంటాం, మెత్తగా వాయించలేకపోతే శ్రద్ధ లేదంటాం, నాలుగు నెలలకే విసుగుపడితే నిలకడ లేదంటాం. మద్దెల సంగతి మాత్రం ఎవరూ చూడరు. హైదరాబాద్, విశాఖ లాంటి నగరాల్లో ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం సంస్థల పియానో గ్రేడ్ పరీక్షలకు తయారయ్యే పిల్లలున్నారు. అమెరికాలో స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో లెక్కల క్లాసుతో పాటు పియానో క్లాసూ ఉంటోంది. ఈ తల్లిదండ్రులందరికీ ఏదో ఒకనాడు ఎదురయ్యే ప్రశ్న, ఇంట్లోకి ఏ పియానో తేవాలన్నది. ‘నేర్చుకునే పిల్లలకి ఏదైతే ఏముంది, ప్రస్తుతానికి చవగ్గా దొరికింది తెద్దాం, చెయ్యి తిరిగాక మంచిది కొందాం’ అన్నదే ఎక్కువగా వినిపించే జవాబు. ఈ ఆలోచన తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. ఆరితేరిన వాద్యకారుడు లోపమున్న పియానోనైనా లొంగదీసుకుంటాడు. ఏ మీట మొండికేస్తోందో క్షణంలో గ్రహించి, ఆ మేరకు వేలి బరువు మార్చుకుంటాడు. పిల్లలకు ఆ నేర్పు ఇంకా రాలేదు. మంచి పియానో అవసరం అందరికంటే ముందు నేర్చుకునేవాళ్లకే ఉంది.

మన వాద్యాలతో పోల్చి చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. వీణ పాఠం మొదలయ్యే ముందు గురువు తీగలు సవరించి శ్రుతి చేస్తారు. వయొలిన్ కూడా అంతే. కొన్నాళ్లకు శిష్యులకూ ఆ విద్య అబ్బుతుంది. పియానోకు ఆ వెసులుబాటు లేదు. 88 మీటలకు 220కి పైగా తీగలుంటాయి. పై స్థాయిలో ఒక్కో స్వరానికి మూడేసి తీగలు. అవన్నీ కలిసి ఇనుప చట్రాన్ని 15 నుంచి 20 టన్నుల బలంతో లాగుతుంటాయి. దాన్ని శ్రుతి చేయడం ప్రత్యేకంగా ఆ పని నేర్చిన ట్యూనర్‌కే సాధ్యం. మూడు తీగల్లో ఒకటి కొంచెం జారినా స్వరం నిలకడ తప్పి అలలాగా ఊగుతుంది. పిల్ల సరైన మీటనే నొక్కుతుంది, వినిపించేది మాత్రం అపస్వరం. అది అపస్వరమని తెలియడానికి ఆ పిల్ల చెవికి ఇంకా వేరే ఆధారం లేదు. రోజూ విన్నదే ఆ చెవికి ప్రమాణమవుతుంది. శ్రుతిని తల్లితో పోల్చిన సంప్రదాయం మనది. ఆ శ్రుతి విషయంలోనే పిల్లల వాద్యానికి మినహాయింపు ఇవ్వడం న్యాయం కాదు.

చెవి తర్వాత చెప్పుకోవలసింది వేలి సంగతి. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో బార్తొలొమెయో క్రిస్టొఫోరి ఈ వాద్యాన్ని తయారుచేశాడు. అప్పటికి వాడుకలో ఉన్న హార్ప్‌సికార్డ్ తీగను మీటేది. వేలు ఎంత గట్టిగా నొక్కినా, ఎంత మెల్లగా నొక్కినా దాని ధ్వనిలో చెప్పుకోదగ్గ తేడా ఉండేది కాదు. క్రిస్టొఫోరి తీగను చిన్న సుత్తితో కొట్టించి, ధ్వని హెచ్చుతగ్గులను వాయించేవాడి వేలికి అప్పగించాడు. ఈనాటికీ పియానో ప్రాణం అక్కడే ఉంది. మీట దాదాపు ఒక సెంటీమీటరు కిందికి దిగుతుంది. ఆ కాస్త దూరంలోనే లోపలి యంత్రాంగం, పియానో వాళ్లు యాక్షన్ అనేది, సుత్తిని తీగ దగ్గరికి తీసుకెళ్లి సరిగ్గా తాకబోయే ముందు వదిలేస్తుంది. అక్కడి నుంచి సుత్తి తన వేగంతోనే వెళ్లి తాకుతుంది. ఆ వేగాన్ని నిర్ణయించడమే పియానో నేర్చుకోవడంలో సగం విద్య. యాక్షన్ అరిగి సర్దుబాటు తప్పితే మీటకూ సుత్తికీ మధ్య సందు ఏర్పడుతుంది. మీట మొదట కొంతదూరం ఊరికే దిగుతుంది, ఆ తర్వాతే సుత్తి కదులుతుంది. అలాంటి పియానో మీద మెల్లగా నొక్కితే కొన్ని స్వరాలు పలకనే పలకవు. పలికించడానికి పిల్లలు గట్టిగా కొట్టడం అలవాటు చేసుకుంటారు. ఆ తర్వాత టీచర్ ఎన్నిసార్లు ‘మెత్తగా’ అని చెప్పినా వేళ్లు వినవు. ఇంట్లోని వాద్యం రోజూ నేర్పే పాఠాన్ని వారానికి ఒక గంట క్లాసు చెరపలేదు.

ఇక ఎత్తు. గోడకు ఆనించి పెట్టే నిలువు (అప్‌రైట్) పియానోలన్నీ ఒకే ఎత్తులో ఉండవు. సుమారు ఒక మీటరు మొదలుకొని 130 సెంటీమీటర్లు దాటినవాటి దాకా ఉన్నాయి. పొట్టిగా, ముద్దుగా ఉండి గదిలో ఇమిడిపోయేదాన్ని పిల్లల కోసం ఎంచుకోవడం సహజం. అయితే ఎత్తు తగ్గితే మంద్రస్థాయి తీగల పొడవు తగ్గుతుంది. పొడవు చాలనప్పుడు అదే స్వరం రావాలంటే తీగకు రాగి చుట్టు పెంచి లావు చేయాలి. లావైన పొట్టి తీగ బిరుసుగా ఉంటుంది. మూలస్వరంతో పాటు మోగే దాని అనుస్వరాలు ఉండవలసినచోట ఉండక కొద్దిగా పైకి తప్పుతాయి. ఎడమచేతి స్వరం ఏదో స్పష్టంగా తెలియకుండా బొంగురుగా మోగుతుంది. పొట్టి పియానోల్లో మీటలు కూడా లోపలివైపు పొట్టిగా ఉండటంతో అంచు దగ్గర నొక్కినప్పుడు ఒక బరువు, లోపలికి జరిగి నొక్కినప్పుడు మరో బరువు తగులుతుంది. అమెరికాలో మనవాళ్లకు తరచుగా ఉచితంగా దొరికే స్పినెట్ పియానోల్లో యాక్షన్ మీటల మట్టానికి దిగువన ఉంటుంది కనుక మరమ్మతు కూడా కష్టమే. అందుచేత ఎత్తు 120 సెంటీమీటర్లకు తగ్గకుండా చూసుకోవడం మంచిది. యమహా యూ1 ఎత్తు 121 సెంటీమీటర్లు, యూ3 ఎత్తు 131. గురువులూ ట్యూనర్లూ ఈ రెండు పేర్లూ తరచు చెప్పడానికి ఇదొక కారణం.

మంచిదంటే కొత్తదనీ, ఖరీదైనదనీ కాదు. కొత్త అప్‌రైట్ ధర లక్షల్లో ఉంటుంది, అందరికీ అందదు. అయితే 1980 ప్రాంతంలో జపాన్‌లో ఏటా మూడు లక్షలకు పైగా పియానోలు తయారయ్యేవి. హమమత్సు నగరంలో పుట్టిన యమహా, కవాయ్ సంస్థలవే వాటిలో అధికభాగం. ఆ తరం పియానోలు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో అనేక దేశాలకు వస్తున్నాయి. పేరున్న సంస్థదైతే సీరియల్ నంబరును బట్టి తయారైన సంవత్సరం తెలుసుకోవచ్చు. బాగా చూసుకున్న నలభై ఏళ్ల పియానో, నాసిరకం కొత్తదాని కంటే ఎన్నోరెట్లు మేలు. చూడవలసింది పైన పాలిష్ కాదు, లోపలి కొయ్య. తీగలను బిగించే పిన్నులు పిన్‌బ్లాక్ అనే చెక్కలో కేవలం రాపిడి బలంతో నిలబడతాయి. ఆ చెక్క ఎండి పగిలితే పిన్నులు వదులవుతాయి, ఎన్నిసార్లు శ్రుతి చేసినా నిలవదు. ఆ మరమ్మతు ఖర్చు కొన్ని పియానోల విషయంలో వాటి ధరనే మించిపోతుంది. ఇక మన వాతావరణం సంగతి. విశాఖ, కాకినాడల్లో ఉప్పుగాలికి తీగలు తుప్పుపడతాయి. హైదరాబాద్ వేసవి పొడిగాలికి చెక్క కుంచించుకుపోతుంది, వానాకాలంలో ధ్వనిని పెంచే చెక్క పలక, అంటే సౌండ్‌బోర్డు, ఉబ్బి శ్రుతి మారుతుంది. ఎలుకలు, చిమ్మటలు సుత్తులకు చుట్టిన ఫెల్టును వదలవు.

కొనేముందు చేయదగిన పరీక్షలు సంగీతం రానివాళ్లకూ సాధ్యమే. ఎడమ చివరి నుంచి కుడి చివరి దాకా 88 మీటలనూ ఒక్కొక్కటిగా, మెత్తగా నొక్కండి. ప్రతిదీ పలకాలి, పక్కదానితో సమానంగా పలకాలి. ఒకే మీటను వెంటవెంటనే నొక్కి చూడండి, ఎక్కడా ఇరుక్కోకూడదు. కుడి చివరనున్న కొన్ని మీటలకు తప్ప, వేలు తీయగానే ధ్వని ఆగాలి. పై మూత ఎత్తి సుత్తుల ఫెల్టు మీద తీగల గాట్లు ఎంత లోతుగా పడ్డాయో, తీగల మీద తుప్పుందో చూడండి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి మధ్యనున్న ‘ఎ’ స్వరం 440 హెర్ట్జ్‌కి దగ్గరగా ఉందేమో గమనించండి. అర్ధస్వరం మేర దిగిపోయి ఉంటే దాన్ని ఏళ్ల తరబడి పట్టించుకోలేదని అర్థం. మళ్లీ పైకి లాగేటప్పుడు తీగలు తెగే ప్రమాదముంది. ఇవన్నీ తృప్తికరంగా ఉన్నా, డబ్బు చెల్లించే ముందు అమ్మేవాళ్లతో సంబంధం లేని ట్యూనర్‌కు ఫీజు ఇచ్చి పిన్‌బ్లాక్ చూపించండి. పాత కారు కొనేటప్పుడు మెకానిక్‌ను వెంటబెట్టుకుపోయే మనం, పియానోకు మాత్రం పాలిష్ చూసి బేరం ముగిస్తున్నాం.

‘ఇంత చేసి తెచ్చాక పిల్ల మధ్యలో మానేస్తే?’ అన్నది తీసిపారేయదగ్గ అభ్యంతరం కాదు. మధ్యతరగతి ఇంట్లో లక్షలు మూలన పడితే బాధే. అయితే ఈ భయం నిజానికి నా వాదననే బలపరుస్తుంది. పేరున్న తయారీ, మంచి స్థితిలో ఉన్న పియానోకు మళ్లీ కొనేవాళ్లు దొరుకుతారు. నాసిరకం దానికి మోత కూలీ కూడా తిరిగిరాదు. పైగా మానేయడానికి కారణాల్లో వాద్యమూ ఒకటి కావచ్చు. ఎంత సాధన చేసినా పాట పాటలా వినిపించకపోతే ఏ పిల్లకైనా ఆసక్తి ఎలా నిలుస్తుంది? ఆసక్తి తేలేదాకా ఆగాలనుకుంటే, అద్దెకు దొరికేచోట అద్దెకు తీసుకోవడం, సాధనకు గది ఇచ్చే సంగీత పాఠశాల చూసుకోవడం సబబు. పనికిరాని పియానో కొనడం పొదుపు కాదు.

‘డిజిటల్ పియానో ఉండగా ఇదంతా దేనికి?’ అన్నది ఇంకా బలమైన ప్రశ్న. డిజిటల్‌కు శ్రుతి పోదు, హెడ్‌ఫోన్ పెట్టుకుంటే అపార్ట్‌మెంట్‌లో ఇరుగుపొరుగుకు ఇబ్బంది ఉండదు, ఒక మనిషి జరపగలిగినంత తేలిక. చాలా అప్‌రైట్ల బరువు 200 కిలోలు దాటుతుంది. ఇవన్నీ ఒప్పుకోవాలి. నిజమైన తీగలు ఒకదానికొకటి స్పందించి సౌండ్‌బోర్డు గదినంతా మోగించే అనుభవం, వేలికీ తీగకూ మధ్య ఉండే ప్రత్యక్ష సంబంధం డిజిటల్‌లో పూర్తిగా రావు. అయినా నా వాదన చెక్క పియానోను ఎలాగైనా కొనమని కాదు, పిల్లల చేతికి నమ్మదగిన వాద్యం ఇవ్వమని. చెన్నైలో 1842 నాటి మ్యూజీ మ్యూజికల్, ముంబైలో 1865 నాటి ఫుర్టాడోస్ లాంటి దుకాణాల చుట్టూ పియానో పనివాళ్ల సంప్రదాయం పెరిగింది. మన పట్టణాల్లో అది లేదు. ఏడాదికి రెండుసార్లు వచ్చి శ్రుతి చేసే ట్యూనర్ దొరకని ఊళ్లో, శ్రుతి చెడిన చెక్క పియానో కంటే బరువైన మీటలు 88 ఉన్న డిజిటల్ పియానో కచ్చితంగా మేలు. స్ప్రింగు మీటలు 61 ఉన్న కీబోర్డు మాత్రం దానికి బదులు కాదు. పాటలు పట్టడానికి అది చాలు, పియానో వేళ్లు తయారు కావడానికి చాలదు.

మరోవైపు నుంచి ‘మంచిదే కావాలంటే గ్రాండ్ పియానోనే కొనాలి కదా’ అనేవాళ్లూ ఉన్నారు. 1821లో పేటెంట్ పొందిన సెబాస్టియన్ ఎరార్ ఏర్పాటు వల్ల గ్రాండ్‌లో మీట పూర్తిగా పైకి రాకముందే అదే స్వరాన్ని మళ్లీ పలికించవచ్చు. అప్‌రైట్‌కు అంత వేగం లేదు. ఆ తేడా అడ్డమయ్యేది ఉన్నత గ్రేడ్లకు చేరాక, మొదటి అయిదారేళ్లలో కాదు. పొట్టి గ్రాండ్ కంటే ఎత్తైన అప్‌రైట్‌లోనే మంద్ర తీగలు నిడుపుగా ఉండే సందర్భాలూ ఉన్నాయి.

కాబట్టి నా తీర్పు ఇది. పియానో కొనుగోలు షోరూములో మొదలు కాకూడదు, ట్యూనర్‌తో మొదలవ్వాలి. మీ ఊరికి వచ్చే ట్యూనర్ ఎవరో ముందు కనుక్కోండి. ఉంటే, 120 సెంటీమీటర్లకు తగ్గని, ఆ ట్యూనర్ చూసి ఒప్పుకున్న సెకండ్ హ్యాండ్ అప్‌రైట్ తీసుకోండి. బడ్జెట్‌లో కొంత యాక్షన్ సర్దుబాటుకూ, ఏటా రెండు ట్యూనింగులకూ ముందే పక్కన పెట్టండి. ఎండ, ఏసీ గాలి నేరుగా తగలని లోపలి గోడకు దాన్ని చేర్చండి. ట్యూనర్ దొరకకపోతే సంకోచం లేకుండా మంచి డిజిటల్ కొనండి. ‘నేర్చుకునే పిల్లలకి ఏదైతే ఏముంది’ అన్న మాటను మాత్రం దయచేసి మీ ఇంట్లో వినపడనివ్వకండి.