మైలేజ్ మోజులో మాడుతున్న ఇంజిన్లు

షెడ్డుకొచ్చిన బండి ఏదైనా, మెకానిక్ రోజూ వినే మాట ఒకటుంది. "అన్నా, మైలేజ్ రావట్లేదు. కాస్త పెట్రోలు తగ్గించి పెట్టు." లీటరు వంద రూపాయలు దాటిన కాలంలో ఆ మాట అనడంలో వింతేమీ లేదు. అయితే ఆ కోరికను ఉన్నదున్నట్టు తీర్చడం మొదలుపెడితే నష్టపోయేది ఇంజినే. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం రోడ్డు మీద నిలిచిపోయిన పాత బుల్లెట్లలో, పిస్టన్ పట్టేసిన ఆర్‌ఎక్స్ హండ్రెడ్లలో చాలావాటి కథ ఇలా పెట్రోలు కోసేయడంతోనే మొదలవుతుంది.

మన పాత బళ్లలో ఎక్కువ భాగం గాలితో చల్లబడేవి. వాటికి రేడియేటర్ ఉండదు. సిలిండర్ చుట్టూ ఉన్న రెక్కలకు తగిలే గాలి, లోపల తిరిగే ఆయిల్, ఈ రెండే బండిని చల్లబరుస్తాయని చాలామంది అనుకుంటారు. మూడోది పెట్రోలు. కొత్త కుండలో నీళ్లను చల్లబరిచే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. సిలిండర్‌లోకి తుంపరగా వెళ్లే పెట్రోలు మండడానికి ముందే ఇన్‌టేక్ వాల్వునూ పిస్టన్ తలనూ కొంత చల్లబరిచి వెళుతుంది. పెట్రోలు కోసేస్తే ఈ చల్లదనం కూడా పోతుంది.

లెక్క ఎక్కడ కుదురుతుంది

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. పరిమాణంలో చెప్పుకుంటే లీటరు పెట్రోలుకు దాదాపు 9,000 లీటర్ల గాలి. రసాయన శాస్త్రం ప్రకారం సరితూగే పాలు ఇదే. ఇంజిన్ మాత్రం అన్నివేళలా ఇదే పాలు కోరదు. పూర్తి బలం కావాల్సినప్పుడు 12.5 నుంచి 13 పాళ్ల గాలి చాలు, అంటే మిశ్రమం కొంచెం చిక్కగా ఉండాలి. తీరిగ్గా వెళ్లేటప్పుడు 15.5, 16 పాళ్ల దాకా పలచబడినా మంచి ఇంజిన్ తట్టుకుంటుంది.

అంతకు మించి పలచబడితే మంట నెమ్మదిస్తుంది. పిస్టన్ కిందికి దిగిపోతున్నా మంట ఇంకా మండుతూనే ఉంటుంది. పిస్టన్‌ను తోయాల్సిన వేడి వృథాగా ఎగ్జాస్ట్ వాల్వు మీదికి, సిలిండర్ హెడ్ మీదికి పోతుంది. బలం తగ్గడంతో నడిపేవాడు తెలియకుండానే రేసు ఎక్కువిస్తాడు. మిగలాల్సిన పెట్రోలు అలా ఖర్చయిపోతుంది, వేడి అదనంగా మిగులుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని నాకింగ్ మొదలైతే పిస్టన్‌కు ప్రమాదం దగ్గరపడిందని అర్థం.

అలాగని పెట్రోలు కుమ్మరించడమూ మంచిది కాదు. మండకుండా మిగిలిన పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, కింద క్రాంక్‌కేసులోని ఆయిల్‌ను పలచన చేస్తుంది, ప్లగ్గుకు మసి పట్టిస్తుంది, పొగలో కార్బన్ మోనాక్సైడ్‌ను పెంచుతుంది. ట్యూనింగ్ అంటే ఈ రెండు అంచుల మధ్య ఆ బండికి తగిన చోటు వెతకడం.

కార్బొరేటర్ లోపల నలుగురు

బుల్లెట్ 350 మీద ఏళ్ల తరబడి వచ్చిన మిక్‌కార్బ్ వీఎం 24నే తీసుకుందాం. బయటికి ఒకే పరికరం. లోపల పని నాలుగు భాగాలు పంచుకుంటాయి. ఐడిలింగ్ నుంచి రేసు ఇవ్వడం మొదలుపెట్టే దాకా పైలట్ జెట్, దానికి తోడు ఎయిర్ స్క్రూ. రేసు పుంజుకునే చోట స్లయిడ్ అడుగున ఉన్న కోత. పావు నుంచి ముప్పావు రేసు దాకా నీడిల్. ఆపైన మెయిన్ జెట్. ఎక్కడ ఇబ్బంది వస్తే అక్కడి భాగాన్నే ముట్టుకోవాలి. హైవే మీద పూర్తి రేసులో బండి మాడిపోతుంటే ఎయిర్ స్క్రూ తిప్పి లాభం లేదు. సిగ్నల్ దగ్గర ఆగిపోయే బండికి మెయిన్ జెట్ మార్చడమూ అంతే.

అసలు స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందే చూడాల్సినవి ఉన్నాయి. పాత బుల్లెట్‌కు పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. టైమింగ్ వెనకబడినా ఇంజిన్ వేడెక్కుతుంది, నింద మాత్రం కార్బొరేటర్ మీద పడుతుంది. ట్యాపెట్లు ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చూడాలి. పుష్‌రాడ్ వేళ్లతో తిప్పితే హాయిగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉండాలి. కార్బొరేటర్‌కూ హెడ్‌కూ మధ్య గాలి దొంగతనంగా దూరకూడదు. ఆ సందు ఉన్నంతకాలం ఏ సెట్టింగూ నిలవదు.

ఆ తరువాతే ఐడిలింగ్. నాలుగైదు కిలోమీటర్లు నడిపి ఇంజిన్ బాగా వేడెక్కాక మొదలుపెట్టాలి. ఎయిర్ స్క్రూను నొక్కిపట్టకుండా చివరి దాకా బిగించి, ఒకటిన్నర చుట్లు వదలాలి. అక్కడి నుంచి అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ ఐడిలింగ్ ఎక్కడ ఎక్కువగా, నిలకడగా వినిపిస్తుందో పట్టుకోవాలి. పెరిగిన వేగాన్ని స్లయిడ్ స్క్రూతో దించి, మళ్లీ ఒకసారి అదే పని చేయాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని ఆపేది. బిగిస్తే మిశ్రమం చిక్కబడుతుంది. ఇంజిన్ వైపు ఉంటే పెట్రోలును ఆపేది. బిగిస్తే పలచబడుతుంది. ఏ బండికి ఏది ఉందో చూడకుండా "బిగిస్తే పెట్రోలు తగ్గుతుంది" అనుకుని తిప్పేస్తే ఫలితం తిరగబడుతుంది.

మధ్య రేసులో బండి లాగకపోతే నీడిల్ చూడాలి. దాని మీద ఐదు గాడులుంటాయి. క్లిప్పును ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేస్తుంది, మిశ్రమం చిక్కబడుతుంది. పైకి జరిపితే పలచబడుతుంది. ఒక్కసారికి ఒక్క గాడి మాత్రమే మార్చి, రోడ్డు మీద నడిపి చూసి, ఆ తరువాతే ఇంకో మార్పు.

చెవితో, కంటితో

గ్యాస్ ఎనలైజర్ లేని షెడ్డులో మన మెకానిక్‌లు దశాబ్దాలుగా నమ్ముకున్నది చెవినీ కంటినీ. రేసు ఇచ్చి వదిలితే ఇంజిన్ వెంటనే దిగకుండా కాసేపు పైనే వేలాడుతుంటే మిశ్రమం పలచగా ఉన్నట్టు. దిగాల్సిన దానికన్నా కిందికి కుంగి మళ్లీ లేస్తే చిక్కగా ఉన్నట్టు. ఒకే రేసులో పట్టుకున్నా బండి ముందుకూ వెనక్కూ ఊగుతున్నట్టు వెళితే పలచన. చల్లని ఇంజిన్ మీద బాగుండి, వేడెక్కాక బరువుగా, బొంగురుగా లాగితే చిక్కన.

చివరి సాక్ష్యం ప్లగ్గు. మెయిన్ జెట్ సంగతి తేల్చాలంటే ఖాళీగా, నేరుగా ఉన్న రోడ్డు మీద పూర్తి రేసులో కాసేపు నడిపి, క్లచ్ పట్టి, అదే క్షణంలో ఇంజిన్ ఆపేయాలి. ఐడిలింగ్‌లో ఒక్క నిమిషం ఉంచినా ప్లగ్గు ఆ కథే చెబుతుంది, రోడ్డు మీది కథ చెరిగిపోతుంది. పింగాణీ లేత కాఫీ రంగులో ఉంటే సరిపోయినట్టు. తెల్లగా పాలిపోయి, పొక్కులు కనిపిస్తే ఇంజిన్ మాడుతున్నట్టు. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. 2000 సంవత్సరంలో సీసం లేని పెట్రోలు దేశమంతటా వచ్చాక ఈ రంగులు మునుపటంత గాఢంగా రావడం లేదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు కొత్త ప్లగ్గు వేసి, పింగాణీ మొదట్లో లోతుగా కనిపించే సన్నటి వలయాన్ని చూస్తారు.

టూ స్ట్రోక్ బళ్లలో ఈ పరీక్ష ప్రాణంతో సమానం. మైసూరులో తయారైన జావా, యెజ్డీల్లో ఆయిల్‌ను పెట్రోల్లోనే కలిపి పోసేవారు. జెట్ చిన్నదైతే పెట్రోలుతో పాటు పిస్టన్‌కు అందే ఆయిలూ తగ్గిపోతుంది. వేడి పెరిగి, నూనె తగ్గితే పిస్టన్ పట్టేయడానికి ఎంతో సేపు పట్టదు.

గాలి మారితే, పెట్రోలు మారితే

ఒకసారి కుదిర్చిన సెట్టింగ్ శాశ్వతం కాదు. విశాఖ తీరం నుంచి సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకు చేరేసరికి గాలి పలచబడి, అదే కార్బొరేటర్ ఐదు శాతం దాకా చిక్కటి మిశ్రమం ఇస్తుంది. ఇంతమాత్రాన్ని ఇంజిన్ ఓర్చుకుంటుంది. లద్దాఖ్‌లో 5,000 మీటర్లు దాటిన కనుమల్లో గాలి సాంద్రత దాదాపు 40 శాతం పడిపోతుంది. అక్కడ బుల్లెట్లు నల్లపొగ కక్కుతూ లాగలేకపోవడానికి కారణం ఇదే. ఎయిర్ ఫిల్టర్ తీసేసినా, గాలి ధారాళంగా పోయే సైలెన్సర్ వేసినా పరిస్థితి తిరగబడి మిశ్రమం పలచబడుతుంది. మోత కోసం సైలెన్సర్ మార్చి, జెట్ సంగతి మరిచిపోయినవాడు బండిని మాడుస్తూ తిరుగుతున్నట్టే.

మనందరికీ వర్తించే మార్పు ఇంకొకటి వచ్చింది. బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి దానికి తొమ్మిది పాళ్ల గాలి చాలు. రెండూ కలిసినప్పుడు సరితూగే పాలు 14.7 నుంచి సుమారు 13.5కు దిగుతుంది. అంటే మామూలు పెట్రోలుకు అమర్చిన పాత కార్బొరేటర్ ఏ స్క్రూ ముట్టుకోకుండానే ఏడెనిమిది శాతం పలచన మిశ్రమం ఇస్తోంది. ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు ఎక్కువ వేడి లాక్కోవడం, నాకింగ్‌ను తట్టుకోవడం కొంత మేలు చేస్తాయి. అయినా ముందే పెట్రోలు కోసేసిన బండికి ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు. ప్లగ్గు తెల్లగా కనిపిస్తే నీడిల్ ఒక గాడి లేపడం, మెయిన్ జెట్ ఒక సైజు పెంచి చూడడం ఇప్పుడు అవసరమైన పని. రబ్బరు పైపులు, సీళ్లు కూడా అప్పుడే చూసుకోవాలి.

పలచన మిశ్రమంతో హాయిగా నడిచే ఇంజిన్లు లేకపోలేదు. ఆస్ట్రియాకు చెందిన ఏవీఎల్ సాయంతో ఎన్‌ఫీల్డ్ తెచ్చిన లీన్‌బర్న్ ఇంజిన్ అలాంటిదే. అలాంటి ఇంజిన్లలో మంట వేగంగా పాకేలా దహన గదినే తీర్చిదిద్దుతారు. పాత పోత ఇనుప సిలిండర్ బుల్లెట్‌కు స్క్రూ తిప్పి ఆ గుణం తేవడం ఎవరివల్లా కాదు.

2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 నిబంధనలు వచ్చాక కొత్త బళ్లలో ఈ లెక్కంతా కంప్యూటరు, ఆక్సిజన్ సెన్సరు చూసుకుంటున్నాయి. కానీ మన ఊళ్లలో కార్బొరేటర్ బళ్లు ఇంకా లక్షల్లో తిరుగుతున్నాయి. వాటిని చక్కబెట్టే విద్య ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేదు. ఉస్తాద్ పక్కన నిలబడి, ఇంజిన్ వింటూ, ప్లగ్గులు చూస్తూ నేర్చుకున్నవాళ్ల దగ్గరే ఉంది. ఆ పనికి గంట పడుతుంది. మనం ఐదు నిమిషాల్లో చేసేయమని తొందరపెట్టి, చేతిలో ఎంతో కొంత పెట్టి వెళ్లిపోతాం. అందుకే స్క్రూ ఒక తిప్పు తిప్పి పంపేయడం అలవాటుగా మారింది. ఈసారి షెడ్డుకు వెళ్లినప్పుడు పెట్రోలు తగ్గించమని అడగకండి. మిశ్రమం సరిచేయమనండి, ప్లగ్గు తీసి చూపించమనండి, రోడ్డు మీద నడిపి చూశాకే ఇవ్వమనండి. ఆ గంటకు తగిన కూలి ఇవ్వండి. ఇంజిన్ చల్లగా నడుస్తుంది, లాగుడు తిరిగొస్తుంది, మీరు అడగాలనుకున్న మైలేజ్ కూడా ఆ సరైన మిశ్రమంలోనే దొరుకుతుంది.