రాజుకు వరాహం, ఊరికి పుట్ట

మొన్న ఆదివారం తలుపులమ్మ లోవకి వెళ్లి వస్తుంటే, తునికి ఇవతల ఓ ఊరి మొగలో కొత్త స్వాగత ద్వారం కనిపించింది. ఊరి పేరు పైన డాలు, డాలు మీద కిరీటం, చెరో పక్క సింహం, నడుమ రెండు కత్తులు. "మా ఊరి లోగో మాస్టారూ, ఎలా ఉందండీ?" అని అక్కడున్న కుర్రాడు ఆశగా అడిగాడు. బాగుందని అనడానికి నోరు రాలేదు.

మన దగ్గర లాంఛనాలకేం కరువు? వేంగి చాళుక్యుల మీద నాకున్న మమకారం ఈ కాలమ్ చదివేవాళ్లకి తెలిసిందే. ముప్పై ఏళ్ల కిందట ఓ మ్యూజియంలో అద్దం తీసి, వాళ్ల రాగిరేకుల శాసనం నా చేతిలో పెట్టారు. ఆ బరువు ఇప్పటికీ అరచేతికి గుర్తే. అక్షరాలు అరక్కుండా రేకుల అంచులు కాస్త ఎత్తుగా కొట్టారు. ఎడమ పక్క చిల్లుల్లోంచి చిటికెన వేలంత లావు కడియం, దాని కొసలు కలిసేచోట గుండ్రటి ముద్ర. పైన వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, నడుమ 'శ్రీ త్రిభువనాంకుశ' అన్న బిరుదు, అడుగున తామర. భూమిని కోర మీద ఎత్తిన విష్ణువే ఆ వరాహం. ఆ లాంఛనం నారాయణుడి దయవల్ల తమకి దక్కిందనీ, దాన్ని చూస్తేనే శత్రువులు లొంగిపోతారనీ శాసనాల్లో చెప్పుకున్నారు. ఆ సింహాలు తీసేసి ఈ వరాహాన్ని పెట్టుకోమని కుర్రాడికి చెప్పాలనుకున్నాను.

అయితే ఆ వరాహం మాత్రం ఇక్కడ పుట్టిందా? 7వ శతాబ్దంలో పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడి వెంట బాదామి నుంచి వచ్చింది. తర్వాత కాకతీయులూ పెట్టుకున్నారు, విజయనగర రాజులూ పెట్టుకున్నారు. చివరికి బంగారు నాణేనికే వరాహమని పేరొచ్చింది. ఏ చేతికి వెళ్లినా అది రాజు గుర్తే. ఊరిది కాదు.

ఊరి గుర్తు ఉన్నది లోపలి రేకుల్లో. రాజు పొగడ్తలన్నీ సంస్కృతంలో సాగాక, దానమిచ్చిన ఊరికి ఎల్లలు చెప్పేచోట చాలాసార్లు తెలుగు వచ్చేస్తుంది. తూర్పున పుట్ట, దక్షిణాన చింత, పడమర చెరువు. అప్పుడు చదివి పేజీ తిప్పేశాను. పొలాల పేర్లు, గట్ల పేర్లు రాసి పెట్టుకోండని ఇక్కడ ఎన్నిసార్లు మొత్తుకున్నానో, ఆ రేకులతో మాత్రం ముడిపెట్టి చూడలేదు.

గురువారం మళ్లీ వెళ్లాను. "మీ ఊరి ఎల్లలు చెప్పు బాబూ" అన్నాను. "ఉత్తరాన తాండవండి. తూర్పున అమ్మవారి గుడి పుట్ట. పడమర మామిడితోట..." దక్షిణం దగ్గర ఆగి, నానమ్మని కేకేశాడు.

"జంట తాళ్లురా," అందావిడ గడపలోంచే. "ఒకటి తుఫానుకి పడిపోయింది."

కుర్రాడు ఫోన్లో రాసుకున్నాడు, జంట తాళ్లనే.