చీటీ లేని కొమ్మ

మొక్కను ఎండబెట్టాలంటే పాత దినపత్రికను మించింది లేదు. చెమ్మ పీల్చుకుంటుంది, చవక, ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. ఈ కాలమ్ కూడా వచ్చే నెలకి ఏ తుమ్మి కొమ్మ కిందో చేరుతుంది. బజ్జీల పొట్లం కావడం కంటే అదే నయం.

కొమ్మ కోయడం ఈ పనిలో చిన్న సంగతి. కాగితాలు మార్చడమే అసలు చాకిరీ. మన కోనసీమ గాలిలో నిమ్ము ఎంతో తెలిసిందే. శ్రావణంలో ఒక్కరోజు బద్ధకించామా, తెల్లారేసరికి బూజు. గుంటగలగర నలిగిన చోటల్లా నల్లబడుతుంది. కాలవలో పెరిగే మెత్తటి మొక్కలు బయటికి తీయగానే ముద్దయిపోతాయి. వాటిని పళ్లెంలో నీళ్లు పోసి తేలనిచ్చి, కిందనుంచి కాగితం పోనిచ్చి మెల్లగా పైకి లేపాలి. ఇక కొబ్బరి సంగతి చెప్పక్కర్లేదు. ఎండిన మొక్కను అతికించే హెర్బేరియం షీటు పొడవు దాదాపు 16.5 అంగుళాలు, వెడల్పు 11.5. కొబ్బరి మట్ట మనిషి కంటే పొడవు. ముక్కలు కోసి, నంబర్లు వేసి, ఒక్కో షీటుకీ కొంత అతికించాలి. అందుకే మొక్కలు సేకరించేవాళ్లు తాడి, ఈత, కొబ్బరి కనబడితే మొహం చాటేస్తారు.

ఎండిన కొమ్మకి విలువ తెచ్చేది దాని పక్కన అతికించే చీటీ. ఎక్కడ దొరికింది, ఏ తేదీన, తియ్య నేలా ఉప్పు నేలా, ఎంత ఎత్తు, పువ్వు రంగేమిటి. ఎండాక రంగూ పోతుంది, వాసనా పోతుంది. అక్కడ నిలబడే రాసుకోవాలి. చీటీ లేకపోతే ఎంత చక్కగా ఆరినా అది ఎండుగడ్డే.

ఈ విద్య మన వైపు పెద్దయెత్తున సాగింది ఎక్కడో కాదు, సామర్లకోటలో. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1780లలో అక్కడ కాపురముండి, ఉత్తర సర్కారుల మొక్కల్ని ఒక్కొక్కటిగా విప్పి చూసి రాసుకున్నాడు. అటు గంజాం నుంచి ఇటు గుంటూరు దాకా పరుచుకున్న నేల అది. అతనికి ముందు ఈ తీరమంతా తిరిగిన యోహాన్ కోనిగ్ సాక్షాత్తూ లిన్నేయస్ శిష్యుడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. తనకు తెలిసిన మొక్కలన్నిటికీ రెండేసి మాటల పేర్లు పెట్టిన గురువు దగ్గర నేర్చిన చదువు, అలా గోదావరి వాకిట్లోకి వచ్చింది. రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా బొటానికల్ తోటకి వెళ్లిపోయాడు. లండన్‌లో 1795 నుంచి 1820 దాకా విడతలుగా వెలువడిన అతని కోరమండల్ తీరపు మొక్కల గ్రంథంలో 300 చిత్రాలున్నాయి. అతను వేయించిన బొమ్మలు మొత్తం రెండున్నర వేలకు పైనే. వేసింది మనవాళ్లు. పుప్పొడి తిత్తి ఎలా విచ్చుకుంటుందో, అండాశయంలో ఎన్ని గదులో విడదీసి పక్కన చూపించారు. రాక్స్‌బర్గ్ పేరు వందల మొక్కల వెనక తోకలా ఉంది. ఆ చిత్రకారుల పేర్లు మాత్రం చాలావరకు ఎక్కడా లేవు. నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి ఇదే.

ఆ గ్రంథంలో మన ఇసుక పర్రల మొక్కలున్నాయి. చిరివేరు చూడండి. జానెడు ఎత్తుండదు, పూలు తెల్లటి చుక్కలు, తొక్కుకుంటూ పోతాం. కలంకారీ గుడ్డకి ఎరుపు ఇచ్చింది దీని వేరే. సాగు చేసినదానికి వేరు పొడవు, తనంతట తాను ఇసుకలో మొలిచినదానికి పొట్టి. అయినా రంగు ఎక్కువ దిగేది ఆ పొట్టి వేరు నుంచేనని రాశాడాయన. కోరంగి దగ్గర ఇసుక నేలల్లోని చిట్టీత మరొకటి. కరువులో దాని కాండంలోని పిండి తిని జనం ప్రాణాలు నిలబెట్టుకున్నారని నమోదు చేశాడు. పువ్వు గురించి రాయడానికి కూర్చున్నవాడు ఆకలి గురించీ రాసిపెట్టడం నాకు నచ్చుతుంది.

మొక్క పేరు తేల్చుకోవడానికి నేను ఆశ్రయించేది మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరాని, అంటే ఆ ప్రాంతపు మొక్కల వివరాల గ్రంథాన్ని. 1915లో గాంబుల్ మొదలుపెట్టాడు, 1925లో పోయాడు, ఫిషర్ 1936కి పూర్తిచేశాడు. 1997లో పుల్లయ్యగారూ ఆయన సహచరులూ తెచ్చిన ఆంధ్రప్రదేశ్ ఫ్లోరా సంపుటాలు మరో ఆసరా. ఆకులు ఎదురెదురుగానా, ఒకటి విడిచి ఒకటా? రేకులు కలిసి ఉన్నాయా, విడివిడిగానా? రెండు దారుల్లో ఒకటి ఎంచుకుంటూ పోవాలి. గోరంత పువ్వుని బ్లేడుతో చీల్చి, భూతద్దం కంటికి ఆనించుకుని కూర్చుంటే మధ్యాహ్నం భోజనం గుర్తుండదు.

కుర్రాళ్లు మొక్కల కోసం మారేడుమిల్లి వెళ్తారు, పాపికొండలు వెళ్తారు. వెళ్లండి, తప్పులేదు. కానీ అడవికి రక్షణ అయినా ఉంది. కాట్రేనికోన, అల్లవరం, ఉప్పలగుప్తం వైపు ఇసుక పర్రలు రొయ్యల చెరువులైపోతుంటే అక్కడ నిన్న ఏముండేదో రాసిపెట్టేదెవరు? కొత్త మొక్కల రాకడ కూడా చీటీలవల్లే తెలుస్తుంది. మన కాలవల్ని కమ్మేసిన గుర్రపుడెక్క రాక్స్‌బర్గ్ నాటికి ఈ దేశంలో లేదు. అందం కోసమని పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్‌లో దించారు. వయ్యారిభామ ఇంకా కొత్తది, 1950లలో పుణె దగ్గర కంటబడింది. అందుకే నేను అపురూపమైన పువ్వు కంటే పుంత పక్కన దండిగా ఉన్న పిచ్చి మొక్కకే ముందు షీటు చేస్తాను. ఇవాళ దండిగా ఉన్నది ఎల్లకాలం దండిగా ఉండదు.

అంతర్వేది వైపు ఒకసారి రావణాసురుడి మీసాలు అనే గడ్డి కోస్తుంటే వలలు సర్దుకుంటున్న పెద్దాయన ఆగి చూశాడు.

"ఆయ్, అది కాయదండి బాబూ. గాలికి దొర్లే ముళ్ల బంతులు దీనికి రావు. ఆ దిబ్బ మీదున్నాయి చూడండి, ఆ దుబ్బులకి వస్తాయి."

ఈ గడ్డిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు అని ఫ్లోరాలు చెబుతాయి. ఆయన ఏ ఫ్లోరా చూడలేదు. దిబ్బ ఎక్కి రెండోదీ కోశాను. పేరు చెబితే చీటీలో రాసుకుంటానన్నాను. ఎందుకండీ అన్నాడు. బొమ్మలు వేసినవాళ్ల కథంతా చెప్పాను. అయితే రాసుకోండి అని, ఇంటిపేరుతో సహా చెప్పాడు.